మనీలా: పేరు ఊరిది, బిరుదు రాజుది

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం. పెద్దలకి, ముందు వరసలో నోట్‌బుక్కులు తెరిచి కూర్చున్న కాలేజీ పిల్లలకి, అందరికీ.

మనీలా నగరం 1571 జూన్ 24న పుట్టిందని జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో చదువుకుంటాం. మిగెల్ లోపెస్ దె లెగాస్పి అనే స్పానిష్ సేనాని దాన్ని స్థాపించాడని కూడా చదువుకుంటాం. ఏటా ఆ రోజున అక్కడ మనీలా దినం జరుపుకుంటారు. 2021లో 450 ఏళ్లు నిండాయి. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ రోజు అసలు పుట్టింది ఏమిటి అని అడగాలి. ఆ రోజు పుట్టింది ఒక నగర సభ. స్పానిష్‌లో కాబిల్దో అంటారు, మనం మున్సిపల్ కౌన్సిల్ అనుకోవచ్చు. ఊరు అంతకుముందే ఉంది. ఆ ఊరికి రాజు ఉన్నాడు, దుంగల కోట ఉంది, ఫిరంగులు పోతపోసే కొలిమి ఉంది, పేరు ఉంది. రాజు పోయాడు, కోట కాలిపోయింది, కొలిమి స్పెయిన్ వాళ్ల చేతికి వెళ్లింది. పేరు మాత్రం ఎవరూ తీయలేకపోయారు.

ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే. వలస పాలకులు పెట్టిన పేర్లలో కొన్ని పాతుకుపోతాయి, కొన్ని ఒకటి రెండు తరాల్లోనే రాలిపోతాయి. ఫిలిప్పీన్స్‌లో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. దేశానికేమో స్పెయిన్ రాజు పేరు. రాజధానికేమో ఒక మొక్క పేరు. ఎందుకిలా అయింది?

కొంచెం వెనక్కి వెళదాం. 1521లో మెగలన్ ఆ దీవులకు చేరాడు. సెయింట్ లాజరస్ దీవులు అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆయనతోపాటే పోయింది. మాక్తాన్ దీవిలో జరిగిన పోరులో ఆయన్ని చంపేశారు, అది మీకు తెలిసిందే. తర్వాత 1543లో విల్యాలోబోస్ అనే ఆయన వచ్చాడు. అప్పటికి స్పెయిన్ యువరాజుగా ఉన్న ఫిలిప్, అంటే స్పానిష్‌లో ఫెలిపె, ఆయన పేరు మీద లేతె, సమర్ దీవుల వైపుకి ఫెలిపినాస్ అని పేరు పెట్టాడు. మొదట అది మొత్తం దేశం పేరు కాదు, ఒక మూలకి పెట్టిన పేరు. అదే పెరిగి పెరిగి మొత్తం దీవులకు అంటుకుంది.

లెగాస్పి 1564 నవంబరులో మెక్సికో తీరం నుంచి బయలుదేరి, మరుసటి ఏడాది సెబు దీవికి వచ్చాడు. అక్కడి ఊరు తగలబడింది. కాలిన గుడిసెల మధ్య సైనికులకు ఒక చెక్క పెట్టె దొరికింది. అందులో బాల ఏసు బొమ్మ ఉంది. నలభై నాలుగేళ్ల కిందట మెగలన్ వాళ్లు అక్కడి రాణికి ఇచ్చిన బొమ్మ అది. ఆ దొరకడాన్ని దేవుడి సంకేతంగా తీసుకుని, ఆ పట్నానికి 'అతి పవిత్రమైన ఏసు నామ పట్నం' అని పేరు పెట్టారు. భక్తితోనే పెట్టారు, అందులో సందేహం లేదు. ఆ బొమ్మకి ఇప్పటికీ ప్రతి జనవరిలో లక్షల మంది మొక్కుతారు. అయినా ఊరిని మాత్రం ఎవరూ ఏసు నామ పట్నం అనరు. సెబు అంటారు. స్థానికులు సుగ్బు అనేవాళ్లు, అదే సెబు అయింది. ఆ దేవుణ్ణి గుండెల్లో పెట్టుకున్నారు. ఊరి పేరు మాత్రం మార్చుకోలేదు. రెండూ వేరు వేరు విషయాలు, గమనించండి.

సెబులో తిండికి కటకట. అందుకే పనాయ్ దీవికి మారారు. అక్కడ విన్న కబురు ఏమిటంటే, ఉత్తరాన లూజోన్ దీవిలో పెద్ద రేవు ఉంది, చైనా ఓడలు వస్తాయి, దాని పేరు మైనిలా. చూశారా, వాళ్లు ఆ ఊరి మొహం చూడక ముందే పేరు విన్నారు. నా వాదనంతా దీని మీదే నడుస్తుంది కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

1570 మే నెలలో మార్తిన్ దె గోయితి అనే సేనాధికారి కొందరు స్పానిష్ సైనికులతో, దేశం నడుమ ఉన్న విసయ దీవుల వాళ్లు వందలాది మందితో మనీలా అఖాతంలోకి వచ్చాడు. పాసిగ్ అని ఒక నది ఉంది. లగున సరస్సు నుంచి బయలుదేరి పాతిక కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. ఆ నది నోటి దగ్గర దక్షిణపు ఒడ్డున మైనిలా, ఉత్తరపు ఒడ్డున తోండో. మైనిలాకి ఇద్దరు రాజులు: ఒకాయన ముసలి రాజు, రాజా మతందా. మతందా అంటే వాళ్ల భాషలో ముసలాయన అనే. రెండో ఆయన కుర్రవాడు, రాజా సులేమాన్. తోండోకి లకన్‌దులా. ఈ ముసలి రాజుకి యూరప్ వాళ్లు కొత్త కాదు. 1521లో మెగలన్ ఓడల్లో మిగిలినవాళ్లు బోర్నియో తీరంలో ఆయన్ని పట్టుకుని వదిలిపెట్టారు. ఆ మనిషే దాదాపు యాభై ఏళ్ల తర్వాత తన ఊరి ఒడ్డున నిలబడి మళ్లీ అవే జెండాల్ని చూశాడు.

సులేమాన్ రాజీకి సిద్ధపడ్డాడు గానీ తల వంచడానికి ఒప్పుకోలేదు. స్నేహం చేస్తాం, కానీ మేం విసయ దీవుల పచ్చబొట్ల వాళ్లలాంటి వాళ్లం కాదు, మా మర్యాదకి భంగం కలిగితే ఊరుకోం అన్నాడని స్పానిష్ వాళ్లే రాసుకున్నారు. మే 24న పోరు జరిగింది, ఊరు తగలబడింది, గోయితి వెనక్కి వెళ్లాడు. మరుసటి ఏడాది లెగాస్పి స్వయంగా వచ్చాడు. ఈసారి తోండో, మైనిలా రాజులు సంధికి దిగారు. కానీ మకబెబె అనే ఊరి నుంచి పడవలతో వచ్చిన ఒక యువ నాయకుడు సంధికి ససేమిరా అన్నాడు. జూన్ 3న బంకుసాయ్ పాయలో యుద్ధం చేసి చనిపోయాడు. ఆ తర్వాత మూడు వారాలకి, సెయింట్ జాన్ పండగ నాడు, నగర సభ ఏర్పాటైంది. మనం పుట్టినరోజు అని చెప్పుకుంటున్న రోజు అది.

సరే, అప్పుడైనా పేరు మార్చలేదా? మార్చడానికి చూశారు. లూజోన్ దీవి మొత్తానికి 'కొత్త కాస్తీల్' అన్నారు, స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యం పేరు మీద. ఆ పేరు కొన్నాళ్లు కాగితాల మీద నడిచి ఆగిపోయింది. నగరానికి మాత్రం వాళ్లు విన్న పేరునే రాసుకున్నారు. మైనిలా కాస్తా స్పానిష్ నోట్లో మనీలా అయింది, అంతే. దానికి తోకగా 1574లో ఫిలిప్ రాజు ఒక బిరుదు ఇచ్చాడు: 'విశిష్టమైన, సదా విధేయమైన నగరం'. 1596లో రాజముద్ర కూడా ఇచ్చాడు. పైన ఎర్రటి రంగు మీద కోట. కింద సముద్రం, ఆ సముద్రంలో సగం సింహం, సగం చేప ఉన్న జంతువు, దాని పంజాలో కత్తి. ఈ నీటి సింహం ఇప్పటికీ మనీలా నగర చిహ్నంలో ఉంది.

సదా విధేయం! ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఈ బిరుదు వచ్చిన 1574లోనే లిమహోంగ్ అనే చైనా సముద్రపు దొంగ నగరం మీద పడ్డాడు. ఆ సందు చూసుకుని లకన్‌దులా, సులేమాన్ స్పెయిన్ మీద తిరగబడ్డారు. లెగాస్పి వాళ్లకి ఇచ్చిన మాటలు, అంటే కప్పం ఉండదు, భూములు ముట్టుకోం అన్న మాటలు, ఆయన చనిపోయాక వచ్చిన వాళ్లు గాలికి వదిలేశారు. లెగాస్పి 1572 ఆగస్టులోనే పోయాడు. తిరుగుబాటుకి కారణం అదీ. తర్వాత 1587, 88లో ఇంకా పెద్ద కుట్ర జరిగింది. తోండో, మైనిలా పెద్ద కుటుంబాలన్నీ కలిశాయి. బోర్నియో నుంచి, జపాన్ వాళ్ల నుంచి సాయం తెచ్చుకోవాలని ప్లాన్ వేశారు. బయటపడింది. నాయకుడికి మరణశిక్ష పడింది. ఆ నాయకుడి పేరు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. అగుస్తిన్ దె లెగాస్పి. లకన్‌దులాకి వరసకి మేనల్లుడు. బాప్టిజం ఇచ్చినప్పుడు ఊరిని గెలిచినవాడి ఇంటిపేరే ఇతనికి వచ్చింది. లెగాస్పి అన్న పేరుతోనే స్పెయిన్ మీద కత్తి ఎత్తాడు. ఫిలిప్పీన్స్ చరిత్రలో నన్ను ఎక్కువగా వెంటాడే మనుషుల్లో ఇతనొకడు. పేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మైనిలా అంటే ఏమిటో చూద్దాం. మనీలా వైపు జనం మాట్లాడే తగాలోగ్ భాషలో 'మై' అంటే ఉన్న, కలిగిన అని. మైనిలా అంటే నిలా ఉన్న చోటు. మరి నిలా ఏమిటి? ఇక్కడ రెండు పక్షాలు ఉన్నాయి. బడి పుస్తకాల్లో చెప్పే కథ: నిలాద్ అనే మొక్క. సముద్రపు బురదలో మడ చెట్ల మధ్య పెరిగే పొద, నక్షత్రాల్లాంటి చిన్న తెల్ల పూలు పూస్తుంది. అందుకే మైనిలాద్ అన్నది మైనిలా అయిందని చెప్తారు. మనీలాలో నీళ్ల సరఫరా చేసే ఒక కంపెనీ పేరు కూడా మైనిలాదే. కథ అందంగా ఉంది. కానీ తగాలోగ్ మాట్లాడేవాళ్లు మాట చివరి 'ద్' అలా మింగేయరు. పాత స్పానిష్ రాతల్లో కూడా చివర ఆ 'ద్' కనిపించదు. అందుకని భాషా పండితులు రెండో పక్షం వైపు మొగ్గుతారు, నేనూ అటే: నిలా అంటే నీలిమందు మొక్క. ఈ మాట సంస్కృతం 'నీల' నుంచి మలయ్ భాష మీదుగా అక్కడికి వెళ్లింది. మనకీ నీలి, నీలిమందు, నీలం అన్నీ ఉన్నాయి కదా. కడప జిల్లాలో ఒకప్పుడు రైతులు పండించిన ఆ నీలిమందు మొక్కే ఇది.

ఒక్క నిమిషం, దీన్ని పట్టుకుని 'మనీలాకి పేరు పెట్టింది మనమే' అని వాట్సాప్‌లో పంపకండి. మనం పెట్టలేదు. వాళ్లే పెట్టుకున్నారు. ఎప్పుడో ఓడల వెంట వెళ్లిన ఒక మాట వాళ్ల భాషలో కలిసిపోయింది. ఆ కలిసిపోయిన మాటతో వాళ్ల వ్యాకరణం ప్రకారం, వాళ్ల ఊరికి, వాళ్ల అలవాటుగా పేరు పెట్టుకున్నారు. అలవాటు అని ఎందుకంటున్నానంటే, మనీలా చుట్టుపక్కల పేర్లు చూడండి. సంపాలోక్ అని ఒక పేట ఉంది, సంపాలోక్ అంటే చింత. కియాపో అని ఉంది, నల్లని ఏసు విగ్రహం ఉన్న ప్రసిద్ధమైన చర్చి అక్కడే. కియాపో అంటే అంతరతామర, చెరువుల్లో నీళ్ల మీద తేలుతూ ఉంటుందే, అది. పక్కనే కలోఓకాన్‌లో మైపాహో అని ఇంకో పేట ఉంది. పాహో ఒక రకం చిన్న మామిడి, పచ్చివి ఉప్పులో ఊరబెట్టి తింటారు. మై పాహో, ఆ మామిడి ఉన్న చోటు. మై నిలా, నీలి ఉన్న చోటు. మనకి చింతపల్లి, వేపగుంట, తాటిపర్తి ఎలా వచ్చాయో అవీ అలాగే వచ్చాయి. రాజు కోసం, దేవుడి కోసం పెట్టిన పేర్లు కావు. దారి అడిగితే చెప్పుకోవడానికి పెట్టుకున్న పేర్లు.

సంస్కృతం మాటలు అంత దూరం ఎలా వెళ్లాయి అని మీకు అనుమానం రావచ్చు. దానికి ఒక సాక్ష్యం చెప్తాను. 1989లో లగున ప్రాంతంలో లుంబాంగ్ నదిలో ఇసుక తోడుతుంటే ఒక రాగి రేకు దొరికింది. చుట్ట చుట్టుకుపోయి ఉంది. విప్పితే అడుగు పొడవు కూడా లేదు. మీద పది వరసల రాత, ప్రాచీన జావా లిపి. చాలా ఏళ్లు ఫిలిప్పీన్స్‌లోనే ఉండిపోయిన పోస్త్‌మా అనే డచ్ పండితుడు దాన్ని చదివాడు. మొదలు ఎలా ఉందో వినండి. స్వస్తి. శక వర్షం 822, వైశాఖ మాసం, చతుర్థి, కృష్ణపక్షం, సోమవారం. విన్నారా? మన ఇంట్లో పూజకి కూర్చున్నప్పుడు పురోహితుడు సంకల్పంలో చదివే వరసే కదా ఇది! లెక్క కడితే క్రీ.శ. 900 ఏప్రిల్ 21 అవుతుంది. అంటే మనీలా పుట్టినరోజు అని చెప్పే తారీఖుకి 671 ఏళ్ల ముందు.

రాత దేని గురించో తెలుసా? అప్పు తీరిపోయిందని ఇచ్చిన పత్రం. నమ్వరాన్ అనే ఆయనకి ఒక కాటి, ఎనిమిది సువర్ణాల బాకీ ఉంది, రెండూ బంగారం తూకాలు. దాన్ని పూర్తిగా మాఫీ చేస్తున్నాం, ఆయన బిడ్డలు అంకతాన్, బుకా, వాళ్ల వంశం ఇక ఎవరికీ బాకీ లేరు అని. ఆ మాఫీ చేసిన అధికారి తుందున్ నాయకుడు. ఈ తుందున్ అంటే తోండోయే అని చాలామంది పండితులు అంటారు. జయదేవుడు అనే పెద్ద పేరు కూడా అందులో వస్తుంది. చూశారా, అక్కడ రాత ఉంది, పంచాంగం ఉంది, బంగారం తూకం ఉంది, అప్పుల లెక్క ఉంది, రసీదు ఇచ్చే పద్ధతి ఉంది. భాష మాత్రం పాత మలయ్, సంస్కృతం మాటలు కలిసినది. ఇంత ఉన్న చోట 1571లో నగరం 'పుట్టింది' అంటే నాకు మనసొప్పదు. మనీలా జాతీయ మ్యూజియంలో ఆ రేకు ఉంది. ఎవరైనా అటు వెళితే బీచ్‌లు, మాల్స్ కాసేపు పక్కన పెట్టి అది చూసి రండి.

ఇక గోడల నగరం దగ్గరికి వద్దాం. స్పానిష్ వాళ్లు సులేమాన్ దుంగల కోట ఉన్న చోటనే శాంతియాగో కోట కట్టారు. 1590 తర్వాత రాతి గోడలు లేపారు. లోపలి భాగం పేరు ఇంత్రామురోస్, అంటే గోడల లోపల. అక్కడ స్పానిష్ వాళ్లు, చర్చిలు, మఠాలు. గోడల బయట మిగతా అందరూ. చైనా వర్తకులకి పరియాన్ అని విడి బజారు, దానికి ఎదురుగా ఫిరంగులు. మరి ఆ నేల మీద అంతకుముందు ఉన్న మైనిలా జనం ఏమయ్యారు? దక్షిణం వైపుకి జరిగి కొత్తగా కట్టుకున్న ఊరే బగుంబాయన్ అని చెప్తారు. బగుంబాయన్ అంటే కొత్తూరు. నాకు ఈ పేరు వింటే గుండె కలుక్కుమంటుంది. మన దగ్గర కూడా ప్రాజెక్టు కట్టి ఊరు మునిగిపోతే జనం గట్టు మీద కట్టుకునేది కొత్తూరే కదా. ఆ బగుంబాయన్ మైదానంలోనే 1896 డిసెంబర్ 30న ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు, రచయిత హోసె రిసాల్‌ని స్పెయిన్ వాళ్లు కాల్చి చంపారు. ఇప్పుడది రిసాల్ పార్క్.

ఆ గోడల నగరం 1815 దాకా గాలియన్లు అనే పెద్ద తెరచాప ఓడల మీద బతికింది, ఆ ఓడల వ్యాపారం 1565లో మొదలై 250 ఏళ్లు నడిచింది. మెక్సికోలోని అకపుల్కో నుంచి వెండి వచ్చేది. చైనా పట్టు, మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు అటు వెళ్లేవి. మద్రాసులోని ఇంగ్లీషు వాళ్లకి మనీలా రేవులో అనుమతి లేదు. అందుకని ఆర్మీనియన్ల పేరు మీద, ఇతర ఆసియా వర్తకుల పేరు మీద సరుకు పంపేవాళ్లు. ఈ రాకపోకల్లో మనకి దక్కినది ఒకటి ఉంది. మీరందరూ చిన్నప్పుడు తిన్నదే. సీమచింతకాయ. మెక్సికోలో పుట్టిన చెట్టు, గాలియన్ల మీద మనీలా చేరి అక్కడి నుంచి మన వైపు వచ్చిందని వృక్షశాస్త్రం వాళ్లు చెప్తారు. ఇంగ్లీషులో దాన్ని మనీలా చింత అంటారు. ఫిలిప్పీన్స్‌లో కమచిలె అంటారు, మెక్సికో ఆదివాసుల మాట అరిగి మిగిలిన రూపం అది. మనం సముద్రం అవతల నుంచి వచ్చింది కాబట్టి సీమ అన్నాం. ఒకే కాయకి మూడు చోట్ల మూడు పేర్లు, ప్రతి పేరులోనూ అది వచ్చిన దారి కనిపిస్తుంది.

మద్రాసుకీ మనీలాకీ ఇంకో ముడి ఉంది. 1762లో బ్రిటిష్ వాళ్లు మనీలా మీదకి వెళ్లింది మద్రాసు నుంచే. డ్రేపర్, కార్నిష్ అనే ఇద్దరు నాయకులు. కంపెనీ సిపాయిలు కూడా వెళ్లారు. సెప్టెంబరు చివర అఖాతంలోకి దిగి అక్టోబరు మొదట్లో నగరం పట్టేశారు. అప్పుడు అక్కడ గవర్నరుగా ఉన్నది ఒక ఆర్చ్‌బిషప్, యుద్ధం ఆయన పని కాదు. నలభై లక్షల పెసోలు ఇస్తే దోపిడీ ఆపుతామన్నారు, దోపిడీ ఆ లోపలే జరిగిపోయింది. మద్రాసు కౌన్సిల్‌లో ఉన్న డ్రేక్‌ని గవర్నరుగా పెట్టారు. 1764లో వదిలి వెళ్లిపోయారు. అందరూ వెళ్లలేదు. కొందరు సిపాయిలు కైంతా అనే ఊరి దగ్గర ఉండిపోయి, అక్కడి ఆడవాళ్లని పెళ్లి చేసుకుని, అక్కడివాళ్లే అయిపోయారు. ఆ ఊళ్లో భారతీయ మూలాలు చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలపు మద్రాసు పటాలాల్లో తమిళులు, తెలుగువాళ్లు, దక్కన్ ముస్లింలు కలిసే ఉండేవాళ్లు. కాబట్టి పాసిగ్ నది ఒడ్డున రాత్రి కాపలా కాసేటప్పుడు మన మాట ఒకటి రెండు వినిపించే ఉంటాయని నేను నమ్ముతాను.

మళ్లీ మొదటి ప్రశ్నకి వస్తున్నాను. మనీలా పేరు ఎందుకు నిలిచింది? స్పెయిన్ వాళ్లు దయ తలచి ఉంచారా? కాదు. ఆ పేరు అప్పటికే వాడకంలో ఉంది. బ్రూనై వర్తకుడికి తెలుసు, చైనా నావికుడికి తెలుసు, విసయ దీవుల వాడికి తెలుసు. సరుకు ఆ పేరు మీద వచ్చేది. రేవుకి పేరు మారిస్తే నష్టపోయేది రేవే. దేశం సంగతి వేరు. ఏడు వేలకి పైగా దీవులు. వాటన్నిటినీ కలిపి పిలిచే పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఎవరి దీవి పేరు వారిది, ఎవరి దాతు, అంటే ఎవరి నాయకుడి పేరు వారిది. ఆ ఖాళీలో ఫిలిప్ రాజు పేరు వచ్చి కూర్చుంది, తీసేయడానికి ముందున్న పేరంటూ లేదు.

దావావ్ చూడండి, దక్షిణాన మిందనావో దీవిలో. 1848లో ఒయాంగురెన్ అనే స్పానిష్ సాహసి అక్కడి దాతు బాగోని ఓడించి, తన సొంత ఊరు వెర్గారా పేరు మీద 'కొత్త వెర్గారా' అని పట్నం పెట్టాడు. ఇరవై ఏళ్లు కూడా ఆగలేదు. 1867లో అక్కడి జనమే అడిగి పేరు తిరిగి దావావ్ చేయించుకున్నారు, నదికి అక్కడి తెగల వాళ్లు పిలుచుకునే పేరు. దీనికి భిన్నంగా పలావన్ దీవిలో పుయెర్తో ప్రిన్సేసా, అంటే యువరాణి రేవు. 1872లో, పెద్ద ఊరేదీ లేని తీరాన కొత్తగా వేసిన పట్నం. వాడుకోవడానికి పాత పేరు లేదు, ఆ పేరే ఇప్పటికీ ఉంది.

మనుషుల పేర్ల దగ్గరకొస్తే మాత్రం రాజ్యం గట్టిగానే పట్టు బిగించింది. 1849లో గవర్నర్ క్లవెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. పన్నుల లెక్కకి ఇబ్బందిగా ఉంది, అన్నదమ్ములకే వేరు వేరు పేర్లు ఉంటున్నాయి, కాబట్టి అందరికీ ఇంటిపేరు ఉండాలని. ఇంటిపేర్లన్నీ అక్షర క్రమంలో వేసిన ఒక పెద్ద పుస్తకం పంపారు. కొన్ని చోట్ల ఆ పుస్తకంలోంచి పేజీలు పంచేశారు. అందుకే ఈనాటికీ కొన్ని ఊళ్లలో చాలా కుటుంబాల ఇంటిపేర్లు ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఆలోచించండి, ఇంటిపేరు అంటే మనకి పూర్వీకుల ఊరు, వృత్తి, ఏదో ఒక జ్ఞాపకం. అది ఒక గుమాస్తా తిప్పిన పేజీని బట్టి నిర్ణయమైపోయింది. ఇంటిపేరు కాగితం మీద పుట్టింది కాబట్టి కాగితం మాట నెగ్గింది. ఊరి పేరు బజారులో పుట్టింది, అక్కడ కాగితం మాట చెల్లలేదు.

అమెరికన్లు 1898లో వచ్చారు. వాళ్లు వీధులకి పేర్లు పెట్టారు. సముద్రపు ఒడ్డున రోడ్డుకి తమ నౌకాదళపతి డ్యూయీ పేరు పెడితే తర్వాత అది రోహాస్ బులివార్డ్ అయింది. టాఫ్ట్ పేరు మీద ఉన్న రోడ్డు మాత్రం ఇంకా టాఫ్టే. 1945 ఫిబ్రవరి, మార్చిలో జపాన్ సైన్యానికీ అమెరికన్లకీ మధ్య జరిగిన యుద్ధంలో ఇంత్రామురోస్ నేలమట్టమైంది. సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. దాని గురించి మాట్లాడాలంటే ఇంకో సభ కావాలి. అందులో దెబ్బలు తిని కూడా నిలబడింది 1607లో పూర్తయిన శాన్ అగుస్తిన్ చర్చి. లెగాస్పి సమాధి దాని లోపలే ఉంది. యుద్ధం తర్వాత 1948లో రాజధానిని కెసోన్ సిటీకి మార్చారు. 1976లో తిరిగి మనీలాకి తెచ్చారు. ఆ ఉత్తర్వుకి వేసిన తారీఖు కూడా జూన్ 24. అంటే స్వతంత్ర దేశం కూడా స్పెయిన్ రాసిన పుట్టినరోజునే వాడుకుంది. పేరు సొంతం చేసుకున్నవాళ్లు తారీఖుని ఇంకా సొంతం చేసుకోలేదని నాకనిపిస్తుంది. 900 సంవత్సరం నాటి వైశాఖ సోమవారం పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా కాక, పండగగా మారాలని నా కోరిక.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పు బాబూ. ...మంచి ప్రశ్న. 'అయితే దేశానికి ఇంకా స్పెయిన్ రాజు పేరే ఎందుకండీ, మార్చొచ్చు కదా' అని అడుగుతున్నాడు.

మార్చాలన్న ప్రయత్నాలు జరిగాయమ్మా. మహర్లికా అని పెట్టాలని 1978లో పార్లమెంటులో ప్రతిపాదన వచ్చింది. 2019లో అధ్యక్షుడు దుతెర్తే కూడా ఆ మాటే అన్నారు. కానీ 'ఫిలిపినో' అన్న మాట కథ వేరు. స్పానిష్ కాలంలో ఫిలిపినో అంటే ఆ దీవుల్లో పుట్టిన తెల్లవాడు. అక్కడి అసలు జనాన్ని 'ఇందియో' అనేవాళ్లు, చిన్నచూపుతోనే అనేవాళ్లు. 19వ శతాబ్దం చివరలో రిసాల్ తరం కుర్రవాళ్లు ఏం చేశారంటే, ఆ ఫిలిపినో అన్న పేరుని తీసుకుని మాదే అన్నారు. తెల్లవాడు, సంకరజాతి, తగాలోగ్, విసయ అని లేకుండా ఆ నేల మీద పుట్టిన అందరికీ అదే పేరన్నారు. 1896లో విప్లవం వచ్చింది. 1898 జూన్ 12న ఆ పేరు మీదే స్వాతంత్ర్యం ప్రకటించారు. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న పేరుని ఇప్పుడు ఎందుకు వదులుకోవాలి అనే వాళ్ల వైపే నేను. ఇక మహర్లికా సంగతి. అది రాజు అన్న అర్థంలో మాట కాదు. పాత తగాలోగ్ సమాజంలో కప్పం కట్టనక్కర్లేని, కానీ యుద్ధం వస్తే తన ఖర్చు తనే పెట్టుకుని దాతు వెంట నడవాల్సిన స్వతంత్రుడు మహర్లికా. దాని మూలం కూడా సంస్కృతమే, 'మహర్ధిక', మలయ్ మీదుగా వెళ్లింది. ఆ పేరు పెట్టినా అది కూడా సముద్రం దాటి వచ్చిన మాటే అవుతుంది.